ఏం రాశారు?

మచ్చ ఎక్కడుందో, ఎలా ఉందో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అందుకే చర్మవైద్యుడి గదిలో మొదటి ప్రశ్న తరచు ఇదే: "దీనికి ఏం రాశారు?" జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏమీ రాయలేదండీ." కాసేపు ఊరుకుంటే అసలు కథ బయటికొస్తుంది. మొదట కొబ్బరినూనెలో పసుపు. తర్వాత పెద్దమ్మ చెప్పిన వేపాకు ముద్ద. అది పనిచెయ్యలేదని నిమ్మరసం. చివరికి మందుల షాపులో ఇచ్చిన ట్యూబు. "ఏం ట్యూబమ్మా?" "పేరు తెలీదండీ. రాస్తే రెండ్రోజుల్లో తగ్గింది, ఆపితే మళ్ళీ వచ్చింది. మా ఆడపడుచుకి కూడా అదే రాశాం." ఇంతా విన్నాక, మొదట వచ్చిన జబ్బేదో, దానిమీద రాసినవాటితో వచ్చిందేదో విడదీసుకోవడానికే సగం సమయం పోతుంది.

చర్మానికి మనం చేసే సేవలో చాలా భాగం దానికి అక్కర్లేనిది. కొంత భాగం హాని చేసేది. నిజంగా పనికొచ్చేది కాస్తే. ఆ కాస్త ఏమిటో తెలియాలంటే ముందు చర్మం తన పని తాను ఎలా చేసుకుంటుందో చూడాలి.

అరచేతులు, అరికాళ్ళు మినహాయిస్తే, ఒంటిమీద చర్మానికి అన్నిటికంటే పైన ఉండే పొర మందం మిల్లీమీటరులో నూరో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. అందులో పదిహేను, ఇరవై వరుసల కణాలు. అన్నీ చచ్చినవే. చచ్చిన కణాలు కాబట్టి ఇదొక పనికిరాని తొక్క అని వైద్యులు కూడా చాలాకాలం అనుకున్నారు. 1970ల చివర్లో, 80ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పీటర్ ఎలియాస్ అనే చర్మవైద్య పరిశోధకుడు ఆ అభిప్రాయాన్ని మార్చాడు. ఆయన దీన్ని ఇటుకల గోడతో పోల్చాడు. కెరటిన్ అనే ప్రోటీన్ నిండిన బల్లపరుపు కణాలు ఇటుకలు. వాటి మధ్య కూరిన కొవ్వులు సున్నం. ఆ కొవ్వులు మూడు రకాలు: సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. ఒంట్లో నీళ్ళు ఆవిరై పోకుండా ఆపేది, బయటి రసాయనాలూ క్రిములూ లోపలికి రాకుండా అడ్డుకునేది ముఖ్యంగా ఆ కొవ్వుల పూతే. ఇటుకలు ఎంత గట్టివైనా సున్నం పోతే గోడ నిలవదు.

ఈ పొర నిత్యం కొత్తదవుతూ ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి జరుగుతూ, చచ్చి, చివరికి రాలిపోవడానికి నెలకు అటూ ఇటూ పడుతుంది. ఎవరూ రుద్దకపోయినా రాలిపోతుంది. ఆ దారిలో ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ముక్కలై అమైనో ఆమ్లాలుగా మారుతుంది. కణాల్లో నీటిని పట్టి ఉంచేవి అవే. 2006లో స్కాట్లండ్‌లోని డండీలో అర్విన్ మెక్లీన్ బృందం ఒక సంగతి బయటపెట్టింది. ఈ ఫిలాగ్రిన్ జన్యువులో లోపం ఉన్నవాళ్ళకి చర్మం చేప పొలుసుల్లా పొడిబారుతుందని, చిన్నప్పటినుంచి ఎగ్జిమా వచ్చే అవకాశం చాలా ఎక్కువని తేలింది. మోకాళ్ళ వెనకా, మోచేతుల మడతల్లోనూ గోక్కుంటూ ఉండే పిల్లలకి "రక్తం చెడిపోయింది" అని చెప్పే ఇళ్ళలో ఈ మాట గట్టిగా చెప్పాలి. చాలామంది పిల్లల్లో చెడింది రక్తం కాదు, గోడ.

మరొక సంగతి: చర్మం పైభాగం కాస్త పుల్లన. ఆమ్ల క్షార మట్టాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో నాలుగున్నరకీ అయిదున్నరకీ మధ్య ఉంటుంది. 1928లోనే జర్మనీలో షాడె, మార్కియోనీని అనే ఇద్దరు దీన్ని గుర్తించి "ఆమ్ల కవచం" అని పేరు పెట్టారు. పైపొరలో కొవ్వుల్ని తయారుచేసే ఎంజైములు ఆ పులుపులోనే సరిగా పనిచేస్తాయి. జబ్బు చేసే చాలా క్రిములకి ఆ పులుపు గిట్టదు.

ఇప్పుడు స్నానాల గదిలోకి వెళదాం.

మామూలు సబ్బు పీహెచ్ తొమ్మిది, పది ఉంటుంది. ఒకసారి రుద్దుకుంటే చర్మం మళ్ళీ తన పులుపుకి రావడానికి గంటో రెండు గంటలో పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి అదేం పెద్ద లెక్క కాదు. పొడి చర్మం, ఎగ్జిమా ఉన్నవాళ్ళకి మాత్రం రోజుకు రెండుపూటలా ఒళ్ళంతా సబ్బు అంటే గోడలోని సున్నాన్ని రోజూ గీకడమే. సబ్బు పొట్లం మీద టీఎఫ్‌ఎం అని ఒక శాతం అచ్చు వేస్తారు. 76 గానీ అంతకు మించి గానీ ఉంటే మొదటి శ్రేణి అంటారు. అది సబ్బులో ఎంత కొవ్వు పదార్థం ఉందో చెప్పే లెక్క. మంచి సబ్బు అనడానికి పనికొస్తుంది, చర్మానికి మెత్తనిది అనడానికి చాలదు. దాని పీహెచ్ గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. చంకలు, గజ్జలు, పాదాలు, చెమట పట్టే మడతలు: సబ్బు రోజూ అవసరమయ్యేది అక్కడే. చేతులకీ వీపుకీ మట్టి, నూనె అంటుకోని రోజున నీళ్ళు చాలు. శీతాకాలంలో పొగలు కక్కే నీళ్ళతో స్నానం హాయిగానే ఉంటుంది గానీ కొవ్వు వేడికి ఇంకా తొందరగా కరుగుతుంది. ఆదిలాబాదు చలిలో ముసలివాళ్ళ పిక్కలు పగిలి, రాత్రుళ్ళు దురద పెట్టడానికి సగం కారణం ఆ వేణ్ణీళ్ళే.

పీచు సంగతి వేరుగా చెప్పుకోవాలి. బీరపీచైనా, నైలాన్ పీచైనా, గరుకు రాయైనా మన స్నానంలో దానికి గట్టి స్థానం ఉంది. రుద్దితే నల్లటి ఒత్తులు రాలతాయి కాబట్టి మురికి పోయిందని తృప్తి. ఆ ఒత్తుల్లో ఎక్కువ భాగం రేపో ఎల్లుండో తమంతట తామే రాలాల్సిన కణాలు, నూనె, సబ్బు. ఏళ్ళ తరబడి రుద్దితే చర్మం తనను తాను కాపాడుకోవడానికి రంగు పెంచుతుంది. మెడ ఎముకల మీద, భుజాల మీద, వీపు పైభాగాన, మోచేతుల మీద, ముంజేతుల మీద అలలు అలలుగా నల్లటి మచ్చలు కనిపిస్తాయి. నలుపు పోవాలని ఇంకా గట్టిగా రుద్దుతారు. ఇంకా నల్లబడుతుంది. దీనికి క్రీమ్ కంటే ముందు చెయ్యాల్సిన వైద్యం పీచును పారెయ్యడం.

మెడ చుట్టూ, చంకల్లో మఖమల్ బట్టలా మందంగా నల్లబడితే మాత్రం అది రుద్దుడుతో వచ్చింది కాదు, రుద్దితే పోయేదీ కాదు. చాలావరకు అది ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడం లేదనడానికి గుర్తు. లావుగా ఉన్న పిల్లలకి మెడ నల్లబడితే "సరిగా స్నానం చెయ్యడు" అని తిట్టే తల్లులు ముందు వాడి రక్తంలో చక్కెర చూపించాలి. బరువు తగ్గితే మెడ తేటపడుతుంది.

సున్నిపిండి మీద నాకు కోపం లేదు. పెసలు, మినుములు, సెనగపప్పు పట్టించి వారానికోసారి నూనెతో నలుగు పెట్టుకుంటే పొడి చర్మానికి మంచిదే, గట్టిగా రుద్దకపోతే. చిక్కల్లా అందులో కొందరు కలిపే బావంచాలతో. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది అంటిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు ఎర్రబడి, బొబ్బలెక్కి, నల్లగా మిగిలిపోతుంది. బొల్లికి వైద్యులు సొరాలెన్ మందు ఇచ్చి, కొలిచి మరీ కాంతి చూపించేది ఆ గుణం కోసమే. కొలత లేకుండా ఒళ్ళంతా పట్టించి ఎండలోకి వెళితే అదే మందు దెబ్బ. నిమ్మతొక్కలోనూ ఇదే కుటుంబానికి చెందిన పదార్థాలున్నాయి. తెల్లబడాలని ముఖానికి నిమ్మచెక్క రుద్దుకుని మధ్యాహ్నం బస్టాపులో నిలబడ్డ అమ్మాయికి వారం తర్వాత బుగ్గమీద గోధుమరంగు చారలు వస్తాయి. అదెక్కడిదో ఆమెకు తట్టదు.

ఇక నూనెలు. "ఏ నూనె మంచిదండీ?" అని అడిగేవాళ్ళకి నేను కొబ్బరినూనె అనే చెబుతాను. పొడి చర్మం మీద, పిల్లల తేలికపాటి ఎగ్జిమా మీద అది పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. పసిపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఢాకా శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మీద గ్యారీ డార్మ్‌స్టాట్ బృందం చేసిన అధ్యయనం 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పొద్దుతిరుగుడు నూనె సున్నితంగా పూసిన బిడ్డలకి ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. ఆ నూనెలోని లినోలెయిక్ ఆమ్లం గోడలోని కొవ్వు తయారీకి పనికొస్తుంది. ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే ఒలెయిక్ ఆమ్లం అందుకు విరుద్ధంగా గోడను సడలిస్తుంది. ఖరీదు పెట్టి కొన్న ఆలివ్ నూనె పసిబిడ్డకి మంచిదనే నమ్మకం బలంగా ఉంది, సాక్ష్యం మాత్రం అటువైపు లేదు. ఏ నూనె అయినా బిడ్డను సాగదీసి, మెలితిప్పి మర్దనా చెయ్యమని కాదు. పూస్తే చాలు.

పెద్దవాళ్ళకి మాయిశ్చరైజర్ కావాలా అంటే, ఊరినిబట్టి. మచిలీపట్నంలో జూన్ నెలలో చాలామందికి అక్కర్లేదు. ఏసీ గదుల్లో రోజంతా పనిచేసేవాళ్ళకీ, డిసెంబరులో ఎవరికైనా కావాలి. ఖరీదుకీ గుణానికీ సంబంధం తక్కువ. 1872లో రాబర్ట్ చీజ్‌బ్రో అమెరికాలో పేటెంటు తీసుకున్న వ్యాజలీన్ జిడ్డుగా ఉంటుందేగానీ, చర్మంలోంచి నీళ్ళు పోకుండా ఆపడంలో ఇప్పటికీ దాన్ని మించింది దాదాపు లేదు. కిటుకు ఏమిటంటే, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే, తుడుచుకున్న రెండు మూడు నిమిషాల్లో రాయాలి. పొడి చర్మం మీద పూస్తే పొడిదనాన్నే మూసిపెట్టినట్టు.

ఇంతవరకూ చెప్పినవి చిన్న తప్పులు. ఇప్పుడు ఆ పేరు తెలియని ట్యూబు దగ్గరికి వద్దాం. ఈ దేశంలో గత పదిహేనేళ్ళుగా చర్మవైద్యుల నిద్ర చెడగొట్టింది అదే.

అందులో తరచు ఉండేది స్టిరాయిడ్. ఆ జాతి మందైన కార్టిసోన్‌కి నోబెల్ బహుమతి 1950లో వచ్చింది. రెండేళ్ళ తర్వాత, 1952లో, న్యూయార్క్‌లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ని ఎగ్జిమా మీద పూసి చూశారు. చర్మవైద్య చరిత్ర అక్కడ రెండుగా చీలింది. అంతకుముందు ఎగ్జిమాకి తారు, గంధకం తప్ప గట్టి మందు లేదు. స్టిరాయిడ్ వాపును, దురదను, ఎరుపును గంటల్లో అణుస్తుంది. ఆ తర్వాత రసాయనవేత్తలు దాని బలం పెంచుకుంటూ పోయారు. బీటామెథసోన్, మొమెటసోన్, చివరికి హైడ్రోకార్టిసోన్ కంటే వందల రెట్లు ఘాటైన క్లోబెటసాల్. 1962లో మెకెంజీ, స్టౌటన్ బలం కొలవడానికి తేలికైన పద్ధతి కనిపెట్టారు: ఆరోగ్యవంతుడి ముంజేతి మీద మందు రాసి, అక్కడి రక్తనాళాలు ఎంత ముడుచుకుని చర్మం ఎంత పాలిపోయిందో చూడటం. ముఖానికి రాస్తే "తెల్లగా" అవడానికి ఒక కారణం కూడా ఆ పాలిపోవడమే.

తామర సంగతి చూడండి. తామర ఫంగస్ కెరటిన్‌ని తిని బతుకుతుంది. అంచు ఎర్రబడి, ఉంగరంలా పాకి, దురద పెట్టడం మన ఒళ్ళు దానితో చేసే పోరాటం. స్టిరాయిడ్ రాయగానే పోరాటం ఆగిపోతుంది. ఎరుపు తగ్గింది, దురద తగ్గింది, మందు బ్రహ్మాండం అనుకుంటాం. శత్రువు మాత్రం తీరిగ్గా మేస్తూ ఉంటుంది. ఆపిన వారానికి పెద్దదై వస్తుంది. ఉంగరం ఆకారం చెరిగిపోయి, చూసిన వైద్యుడు కూడా గుర్తుపట్టలేని మచ్చగా మారుతుంది. దీనికి 1968లోనే ఇంగ్లండు వైద్యులు మారువేషంలో ఉన్న తామర అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. అప్పుడది అరుదు. మన దగ్గర ఇప్పుడది ఓపీలో రోజూ చూసే సంగతి. ఎందుకంటే మన మార్కెట్లో ఒకే ట్యూబులో క్లోబెటసాల్, ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్ కలిపి అమ్మే మందులు చౌకగా దొరుకుతాయి. ఏ జబ్బైనా ఏదో ఒకటి తగులుతుందన్న ధీమా. రోగికి డాక్టరు ఫీజు మిగులుతుంది, షాపుకి బేరం అవుతుంది, కంపెనీకి లాభం. నష్టం ఎవరిదో గజ్జల్లో చూస్తే తెలుస్తుంది.

ఈ గందరగోళంలోంచే ఒక కొత్త రకం ఫంగస్ పైకొచ్చింది. జపాన్ పరిశోధకులు 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు అలా కలిసింది. ఏళ్ళ తరబడి తామరకు వైద్యులు నమ్ముకున్న టెర్బినఫిన్ మాత్ర దీనిలో చాలా రకాల మీద పనిచెయ్యదు. ఆ మందు పట్టుకోవాల్సిన ఎంజైమే మారిపోయింది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరికి ఇది కనిపించిందని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించింది. ఇప్పుడు తామర వైద్యమంటే వారం రోజుల పని కాదు. ఇట్రాకొనజోల్ లాంటి మాత్రలు వారాల తరబడి వాడాలి. మచ్చ పోయాక కూడా కొన్నాళ్ళు మందు రాయాలి, మచ్చ దాటి రెండు వేళ్ళ వెడల్పు దాకా. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళకీ ఒకేసారి చెయ్యాలి. తువ్వాలు, లుంగీ పంచుకోకూడదు. బిగుతు జీన్స్ పక్కన పెట్టాలి. మొలతాడు ఉంటే దాన్ని మార్చాలి, లేదా తీసెయ్యాలి. ఎప్పుడూ తడిగా ఉండే ఆ దారం ఫంగస్‌కి మంచి మకాం. ఈ మాట చెబితే కొందరు పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. తామర తగ్గాక కొత్తది కట్టుకోమంటాను.

ముఖం కథ ఇంకా విషాదం. ఒంటిమీద అన్నిచోట్లా మందు ఒకేలా ఇంకదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ కొలిచి చూపించారు: ముంజేతి మీద ఇంకే హైడ్రోకార్టిసోన్‌ని ఒకటి అనుకుంటే నుదుటి మీద ఆరింతలు, దవడ మీద పదమూడింతలు, వృషణాల చర్మం మీద నలభై రెండింతలు ఇంకుతుంది. మోకాలికి మందైనది ముఖానికి మోతాదు మించిన మందు. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ మంగుమచ్చల కోసం హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టిరాయిడ్ కలిపి కొన్ని వారాలు వాడే మిశ్రమాన్ని తయారుచేశారు. మన దేశంలో దాని సంతతి తెల్లబడే క్రీముగా అవతారమెత్తింది. పెళ్ళిచూపులకు ముందు మొదలుపెట్టి, పిల్లలు పుట్టాక కూడా రాసుకునేవాళ్ళున్నారు. 2011లో మన చర్మవైద్యుల పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. దేశంలో 12 కేంద్రాల్లో ముఖం మీద సమస్యలతో వచ్చిన 2,926 మందిని అడిగితే, 433 మంది స్టిరాయిడ్ రాస్తున్నవాళ్ళే.

అలా రాస్తూ పోతే చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. ఆడపిల్లల బుగ్గలమీద వెంట్రుకలు వస్తాయి. మొటిమలు గుంపుగా లేస్తాయి. ఎండలోకి వెళితే మంట, పొయ్యి దగ్గర నిలబడితే మంట. ఆపుదామంటే రెండోరోజుకే ముఖం కందగడ్డలా అవుతుంది, మళ్ళీ రాస్తేనే శాంతి. ఈ ఉచ్చులో ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఆపి ఇంట్లో కూర్చోకూడదు. వైద్యుడి దగ్గరికి వెళితే బలం తగ్గించుకుంటూ మాన్పిస్తారు. నెలలు పడుతుంది. చాలామంది కోలుకుంటారు.

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పైపూత స్టిరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అమలు ఎలా ఉందో మీ వీధి చివరి షాపులో ఒకసారి అడిగి చూడండి. ఈలోగా మన జాగ్రత్త మనది. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉండే మందుపేరు చదవాలి. 'సోన్' అనో 'టసాల్' అనో ముగిస్తే అది స్టిరాయిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ.

అలాగని స్టిరాయిడ్ పేరు వినగానే హడలిపోయి ఎగ్జిమా బిడ్డను రాత్రంతా గోక్కోనివ్వడం మరో రకం అన్యాయం. సరైన జబ్బుకి, సరైన చోట, సరైన బలంలో, సరైనన్ని రోజులు వాడితే దాన్ని మించిన మందు ఇప్పటికీ కొద్దే. కొలత కూడా తేలికే. పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబులోంచి ఒక గీత పిండితే అరగ్రాము. రెండు అరచేతులంత చర్మానికి, వేళ్ళతో సహా, అది సరిపోతుంది. 1991లో లాంగ్, ఫిన్లే లెక్కగట్టిన కొలత ఇది.

ఇంక మంగు, ఎండ. మంగుమచ్చ గర్భంతో, గర్భనిరోధక మాత్రలతో, వంశంతో ముడిపడి ఉన్నా దాన్ని రోజూ పోషించేది వెలుతురు. అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురులోని నీలి, ఊదా భాగం కూడా మన రంగు చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థాన్ని పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఆపుతుంది. మంగు ఉన్నవాళ్ళకి అదే రాస్తాను. వేడికీ అతినీలలోహితానికీ సంబంధం లేదు. రెంటచింతల ఎండ మాడ్చినట్టు అరకు ఎండ మాడ్చదు గానీ, కొండమీద ఆ కిరణాలు తక్కువేం కాదు. వాటిలో యూవీఏ అనే రకం కారు అద్దంలోంచి కూడా లోపలికి వస్తుంది.

సన్‌స్క్రీన్ డబ్బా మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకెను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకి రెండు మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు. మనం రాసుకునేది అందులో పావు నుంచి సగం. కాబట్టి యాభై అని అచ్చువేసిన క్రీమ్ మన ముఖం మీద యాభై కాదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపడా వస్తుంది. 30 ఎస్‌పీఎఫ్ చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాల్లో 97 శాతాన్ని ఆపితే 50 ఆపేది 98. ఆ ఒక్క శాతానికి రెట్టింపు డబ్బు పెట్టడంకంటే సరిపడా రాయడం మేలు. మన చర్మంలోని మెలనిన్ పుట్టుకతోనే కొంత రక్షణ ఇస్తుంది. తెల్లవాళ్ళకి వచ్చినంతగా మనకి చర్మం కాన్సర్ రాదు. అందుకని ఆరోగ్యంగా ఉండి, మంగూ మచ్చలూ లేని రైతుకి సన్‌స్క్రీన్ కొనమని నేను చెప్పను. తలపాగా, పొడుగుచేతుల చొక్కా, మధ్యాహ్నం చెట్టునీడ చాలు.

తెల్లబడే క్రీముల్లో మరో విషం పాదరసం. మెలనిన్ తయారీని అది ఆపేస్తుంది కాబట్టి పనిచేసినట్టే కనిపిస్తుంది. చర్మంలోంచి ఇంకి మూత్రపిండాలకు చేరుతుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రపిండాల వైద్యులు 2021 నుంచి 2023 వరకు చూసిన కేసుల్లో, ఒక ప్రత్యేక రకం జబ్బు ఉన్న 15 మందిలో 13 మంది ముఖం తెల్లబడే క్రీములు వాడుతున్నారు. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, లోపల ఏముందో చెప్పే జాబితా లేని డబ్బాను ఎంతమంది చుట్టాలు మెచ్చుకున్నా ముట్టుకోకండి.

మనం రాసేది కాక అంటించేవీ ఉన్నాయి. స్టిక్కరు బొట్టు వెనక ఉండే జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం కొందరిలో రంగు కణాల్ని చంపుతుంది. నుదుటిమీద బొట్టు ఆకారంలోనే తెల్లమచ్చ పడుతుంది. దురద మొదలైనప్పుడే మానేస్తే చాలామందికి ఆగిపోతుంది. జుట్టు రంగులో ఉండే పీపీడీ పడనివాళ్ళకి చెవుల వెనక, నుదుటి అంచున రసికారి, కళ్ళు వాచిపోతాయి. "సహజ" నల్ల హెన్నా అని అమ్మేవాటిలోనూ ఇదే ఉంటుంది. గోరింటాకు దానంతటది నల్లగా పండదు.

మొటిమల మీద ఒక పుస్తకమే రాయొచ్చు. ఇక్కడ రెండు మాటలు: గిల్లకండి, ముఖం రోజుకు రెండుసార్లకు మించి కడగకండి. నుదుటిమీద వరసగా చిన్న మొటిమలుంటే ముందు తలనూనె తగ్గించి చూడండి. చుండ్రుకి కారణమైన ఈస్టు కూడా కొవ్వు తిని బతికేదే కాబట్టి చుండ్రు తలకి నూనె ముంచడం దానికి భోజనం పెట్టడమే. మొటిమల మచ్చలు పడుతున్నాయనిపిస్తే ఆలస్యం వద్దు. 1982 నుంచి వాడుకలో ఉన్న ఐసోట్రెటినాయిన్ మాత్ర మొండి మొటిమల్ని కూడా అణుస్తుంది. అయితే గర్భంలోని బిడ్డకు అది తీవ్రమైన హాని చేస్తుంది కాబట్టి ఆడవాళ్ళు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా దాన్ని అసలు తాకకూడదు.

చివరిగా తెల్లమచ్చలు. వీటికి భయం ఎక్కువ, ఏ మచ్చ ఏదో తెలిసింది తక్కువ. పిల్లల బుగ్గలమీద మసకగా, పొడిగా కనిపించేవాటికి నులిపురుగులు కారణమని మాత్రలు మింగిస్తారు. అవి చాలావరకు తేలికపాటి ఎగ్జిమా, మాయిశ్చరైజర్‌తో నెమ్మదిగా పోతాయి. ఛాతీమీద, వీపుమీద చిన్నచిన్నగా వచ్చి, గోటితో గీస్తే సన్నటి పొట్టు రాలేవి శోభి. ఫంగస్ మందుతో తగ్గుతుంది, రంగు తిరిగిరావడానికి మాత్రం రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. పాలలా తెల్లగా, అంచు స్పష్టంగా, పొట్టు లేకుండా ఉండేది బొల్లి. అంటుకోదు. తొందరగా మొదలుపెడితే ఇప్పుడు మంచి మందులున్నాయి.

నాలుగోది పూర్తిగా తెల్లగా ఉండదు. పాలిపోయినట్టో రాగిరంగులోనో ఉంటుంది. దురద పెట్టదు, నొప్పి పెట్టదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. అది కుష్టు కావచ్చు. ప్రపంచంలో ఏటా బయటపడే కుష్టు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. దూదిని సన్నగా మెలిపెట్టి, కళ్ళు మూసుకోమని, మచ్చమీద ఒకసారీ పక్కన మామూలు చర్మం మీద ఒకసారీ తాకించి చూడండి. మచ్చమీద స్పర్శ తెలియకపోతే దానిమీద ఏమీ రాయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. ఆరు నెలలో, ఏడాదో వేసుకోవాల్సిన మందుల అట్టలు అక్కడ ఉచితంగా ఇస్తారు. చెయ్యీ కాలూ వంకరపోకముందే మొదలుపెట్టినవాళ్ళు మామూలుగా తిరుగుతారు, మామూలుగా పని చేసుకుంటారు.